గోడకు వేలాడే టీ స్క్వేర్

మా ఇంట్లో తలుపు పక్కన గోడకు ఒక మేకు ఉంది. దానికి ఒక పాత టీ స్క్వేర్ వేలాడుతూ ఉంటుంది. ఇంటికి వచ్చిన పిల్లలు దాన్ని చూసి ఏదో ఒకటి అంటారు. ఒకడు పెద్ద సుత్తి అన్నాడు. ఒకమ్మాయి గొడ్డలికి చెక్క నమూనా అనుకుంది. మొన్న తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు, "మామా, ఇది తలకిందులుగా ఉన్న ఇంగ్లీషు టీ అక్షరం గదా, దీన్ని ఎందుకు దాచావు?" అని అడిగాడు. వాడికి ఆ పూట చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం పెంచి రాస్తున్నాను. మన పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాల నుంచి పాలిటెక్నిక్‌కో, ఐటీఐకో పోతున్నారు. అక్కడ డ్రాయింగ్ సబ్జెక్టు దగ్గర ఆగిపోయి వెనక్కి వచ్చేసేవాళ్ళు ఉన్నారు. నేనూ అలా వచ్చేసినవాణ్ణే. మళ్ళీ ఎందుకు వెళ్ళానన్నది ఈ టీ స్క్వేర్ కథ.

మాది భద్రాచలం ఏజెన్సీలో అడవి పక్కన ఒక కోయ గూడెం. 1994లో పదో తరగతి పాసై, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా సీటు తెచ్చుకున్నాను. మా గూడెం నుంచి ఆ చదువుకు వెళ్ళినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. మొదటి వారంలోనే కొనవలసిన వస్తువుల చీటీ ఇచ్చారు. డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్, సెట్ స్క్వేర్లు, వృత్తలేఖిని, పెన్సిళ్ళు, షీట్లు, క్లిప్పులు. బోర్డు, పెన్సిళ్ళు, షీట్లు కొనేసరికి మా అమ్మ తునికాకు డబ్బు అయిపోయింది. మినీ డ్రాఫ్టర్ ధర అడిగి, దుకాణం మెట్లు దిగి వచ్చేశాను.

హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న నా సంగతి విన్నాడు. మంచం కింద నుంచి దుమ్ము పట్టిన టీ స్క్వేర్ లాగి నా చేతిలో పెట్టాడు. "డ్రాఫ్టర్ రాకముందు అందరూ దీంతోనే గీశారు. నువ్వూ గీయి" అన్నాడు. నేను దాన్ని మొదటిసారి చూడటం అప్పుడే. ఒక ఆదివారం ఊరికి తీసుకుపోతే మా తాత అటూ ఇటూ తిప్పి చూసి, "కళ్ళంలో గింజలు దగ్గరికి లాగే చెక్క గదా ఇది. ఇంత సన్నగా చేశారేం?" అన్నాడు. ఆకారం వరకు తాత చెప్పింది నిజమే.

టీ స్క్వేర్‌లో రెండే ముక్కలు ఉంటాయి. పొట్టిగా, మందంగా ఉండేది తల. పొడవుగా, పలచగా ఉండేది బద్ద. బద్దను తల మధ్యలో అడ్డంగా పెట్టి మరలతో బిగిస్తారు. రెండింటి మధ్య కోణం సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి. మంచివాటిని టేకులాంటి గట్టి చెక్కతో చేస్తారు. గీత గీసే అంచుకు నల్లటి ఎబొనీ చెక్కో, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీయో అతికిస్తారు. బద్ద కొసన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పని అయ్యాక దాన్ని మేకుకు తగిలించాలి. గోడకు చేరవేసి నిలబెట్టి వదిలేస్తే కొన్నాళ్ళకు బద్ద వంగుతుంది. మా గోడ మీద అది తలకిందులుగా ఉండటానికి కారణం ఆ రంధ్రమే.

బోర్డు లేకుండా టీ స్క్వేర్ ఒక్కటీ ఏ పనీ చెయ్యదు. మాకు ఇచ్చిన బోర్డును డీ2 అంటారు. 700 మిల్లీమీటర్ల పొడవు, 500 మిల్లీమీటర్ల వెడల్పు. దాని మీద 594 బై 420 మిల్లీమీటర్ల ఏ2 షీటు సరిపోతుంది. బోర్డు ఎడమ అంచును పని అంచు అంటారు. అది నున్నగా, తిన్నగా ఉండాలి. టీ స్క్వేర్ తలను ఆ అంచుకు ఆనించి పైకీ కిందికీ జరుపుతారు. తల ఎక్కడ ఆగినా బద్ద ఒకే దిక్కుకు చూస్తూ ఉంటుంది. అందువల్ల దాని వెంట గీసిన అడ్డగీతలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి. ఈ పని కోసమే దాన్ని తయారు చేశారు.

వాడే పద్ధతి ఇది. ముందు బోర్డునూ, బద్దనూ పొడి గుడ్డతో తుడవాలి. లేకపోతే పెన్సిల్ పొడి షీటంతా పులుముకుంటుంది. షీటును బోర్డు ఎడమ వైపుకు కొంచెం దగ్గరగా పెట్టాలి. బద్ద తల దగ్గర గట్టిగా ఉంటుంది, కొసకు పోయేకొద్దీ కొంచెం ఊగుతుంది. షీటు పై అంచును బద్ద పై అంచుతో సరిచూసి, నాలుగు మూలలా క్లిప్పులో టేపో పెట్టాలి. తర్వాత ఎడమ చేత్తో తలను బోర్డు అంచుకు నొక్కాలి. అదే చేతిని మెల్లగా బద్ద మీదికి జరిపి, బద్ద కదలకుండా పట్టుకోవాలి. కుడి చేత్తో పెన్సిల్‌ను గీత పోయే వైపు కొంచెం వాల్చి, ఎడమ నుంచి కుడికి గీయాలి. గీసేటప్పుడు పెన్సిల్‌ను వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ పోతే ముల్లు ఒక వైపే అరగదు, గీత మందం మారదు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు తలను కుడి అంచుకు ఆనించి ఇదంతా అటు నుంచి చేసుకోవచ్చు. గీతలు ఎప్పుడూ బద్ద పై అంచు వెంటే గీయాలి, కింది అంచు వాడకూడదు. దాన్ని ఆనుకుని బ్లేడుతో కాగితం కోయకూడదు. అంచుకు ఒక్క గాటు పడినా ఆ తర్వాత గీసే ప్రతి గీతలోనూ ఆ గాటు కనిపిస్తుంది.

నిలువు గీతలకు సెట్ స్క్వేర్లు కావాలి. బడిలో జామెట్రీ పెట్టెలో మూలమట్టాలు అని ఇచ్చేవి ఇవే. ఒకదానిలో 45, 45, 90 డిగ్రీలు. రెండో దానిలో 30, 60, 90. మూలమట్టాన్ని బద్ద పై అంచు మీద కూర్చోబెట్టి, దాని నిలువు అంచు వెంట కింది నుంచి పైకి గీస్తే నిలువు గీత వస్తుంది. రెండు మూలమట్టాలనూ కలిపి పెడితే 45కు 30 కలిసి 75 అవుతుంది. 45లోంచి 30 తీసేస్తే 15 మిగులుతుంది. అలా కోణమానిని ముట్టుకోకుండా 15 డిగ్రీల చొప్పున చుట్టూ గీతలు గీయవచ్చు. ముందు 2హెచ్ పెన్సిల్‌తో పలచగా గీసి, అంతా సరిచూసుకున్నాక ముదురు చెయ్యాలి. అడ్డగీతలు పై నుంచి కిందికి, నిలువు గీతలు ఎడమ నుంచి కుడికి వరసగా గీస్తే గీసినదాని మీద చెయ్యి పడదు.

ఇంత వివరంగా అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. మినీ డ్రాఫ్టర్ ఎలా బిగించాలో క్లాసులో చూపించారు. నాది టీ స్క్వేర్ కాబట్టి నాకు తోచినట్టు వాడాను. అడ్డగీతలకు తలను ఎడమ అంచుకు ఆనించాను. నిలువు గీతలకు మూలమట్టం తీయడం ఎందుకని, అదే తలను బోర్డు కింది అంచుకు ఆనించి గీసేశాను. చూడటానికి పెట్టె బాగానే ఉంది. సార్ తన సెట్ స్క్వేర్‌ను నా పెట్టె మూలలో పెట్టారు. ఒక పక్క గీతకు అంటింది. రెండో పక్క సన్నటి సందు కనబడింది. షీటు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి షీటు చేతికి ఇస్తూ, "నీకు ఈ బ్రాంచి ఎందుకయ్యా?" అన్నారు. వెనక బల్లల్లో నవ్వారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలిస్తే దిద్దుకోవచ్చు. ఎంత జాగ్రత్తగా గీసినా తప్పే వస్తుంటే, తప్పు నాలోనే ఉందనిపించింది. అడవి నుంచి వచ్చినవాడి చేతికి తిన్నని గీత రాదేమో అనుకున్నాను. ఆ మాట ఎవరూ నాతో అనలేదు. నేనే అనుకున్నాను. మన పిల్లల్లో చదువు మానేసేవాళ్ళలో చాలామంది ఇలాంటి మాట ఒకటి లోపల అనుకునే మానేస్తారని తర్వాత నాకు తెలిసింది. టీ స్క్వేర్‌ను మంచం కింద పడేసి, సంచి సర్దుకుని, పొద్దున్నే బస్సెక్కాను. తిరిగి రాకూడదనే వెళ్ళాను.

ఇంట్లో సెలవులని చెప్పాను. అదే వారంలో మా గూడెంలో బడికి కొత్త గది కట్టడానికి పునాది ముగ్గు పోశారు. అంతవరకు పిల్లలు పూరిపాకలో కూర్చునేవాళ్ళు. పని చేయించే మనిషి నాలుగు కర్ర మేకులు పాతి, దారాలు లాగి, ముగ్గు పోయించి, మర్నాడు తవ్వకం మొదలుపెడదామని ఊరి పెద్దను సంతకం పెట్టమన్నాడు. చేతిలో ఒక ప్లాను కాగితం ఉంది. ఊరి పెద్ద దాన్ని చూసి, నన్ను పిలిపించాడు. "నువ్వు పట్నంలో ఇదే గదా చదివేది. ఈ కాగితం ఏం చెబుతోందో మాకు చెప్పు. తర్వాత సంతకం పెడతాను" అన్నాడు.

గూడెమంతా చుట్టూ నిలబడింది. చదువు మానేసి వచ్చానని వాళ్ళకు తెలియదు. కాగితం విప్పాను. కింద కుడి మూలలో పేరు పెట్టె, దానిలో స్కేలు 1:100 అని ఉంది. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద ఒక మీటరు. గది లోపలి కొలత 6 మీటర్లు బై 4.5 మీటర్లు. తలుపు ఎటు వస్తుందో, కిటికీలు ఎన్నో చదివి చెప్పాను. తర్వాత టేపు పట్టుకుని మేకుల మధ్య దూరాలు కొలిచాను. రెండు పొడవు పక్కలూ 6 మీటర్లే. రెండు వెడల్పు పక్కలూ 4.5 మీటర్లే. "కాగితంలో ఎంత ఉందో నేల మీదా అంతే ఉంది" అని గట్టిగా చెప్పాను. పట్నంలో మూడు షీట్లు కొట్టించుకున్నవాడికి ఆ మాట చెప్పడం ఎంతో బాగుంది.

అప్పుడు మా మేనమామ ముందుకు వచ్చాడు. ఆయన కొత్తగూడెం వైపు ఏళ్ళ తరబడి తాపీ పని చేసి వచ్చినవాడు. సంతకం చెయ్యడం కూడా రాదు. "అల్లుడూ, నాలుగు పక్కలూ కొలిచావు. మూలకు మూల కొలవలేదు" అన్నాడు. టేపు ఒక కొస నాకిచ్చి, ఈ మూల నుంచి ఎదురు మూలకు లాగించాడు. 7 మీటర్ల 35 సెంటీమీటర్లు వచ్చింది. మిగతా రెండు మూలల మధ్య లాగితే 7 మీటర్ల 65. మామ టేపు వదిలేసి, "గది వాలింది. మూలకు మూల రెండూ ఒక్కటే రావాలి" అన్నాడు.

పని చేయించే మనిషి ఒప్పుకోలేదు. నాలుగు పక్కలూ సరిగ్గా ఉంటే గది ఎలా వాలుతుందని అడిగాడు. మామకు అది చేతితో తెలుసు, మాటల్లో చెప్పలేకపోయాడు. ఇద్దరూ నా వైపు చూశారు. అప్పుడు నాకు తొమ్మిదిలో, పదిలో చదివిన లెక్క గుర్తొచ్చింది. 6ను 6తో గుణిస్తే 36. నాలుగున్నరను నాలుగున్నరతో గుణిస్తే 20.25. రెండూ కలిపితే 56.25. దాని వర్గమూలం 7.5. మూలలు నిజంగా 90 డిగ్రీలు ఉంటే మూలకు మూల 7 మీటర్ల 50 సెంటీమీటర్లు రావాలి, రెండు వైపులా అంతే రావాలి. ముగ్గు మీద పుల్లతో రాసి చూపించాను. నాలుగు అగ్గిపుల్లల్ని చతురస్రంలా పేర్చి, ఒక పక్కకు నెట్టి చూపించాను. పుల్లల పొడవు మారలేదు, ఆకారం మారిపోయింది.

తప్పు ఎక్కడ వచ్చిందో మామ కనిపెట్టాడు. ఆ మనిషి చిన్న ఇనుప మూలమట్టాన్ని ఒక మూలలో పెట్టి, దాని వెంట దారం నాలుగున్నర మీటర్లు లాగాడు. మూలమట్టం చెయ్యి మూరెడు కూడా లేదు. దాని దగ్గర వెంట్రుకంత తేడా ఉన్నా కొసకు పోయేసరికి చాలా అవుతుంది. ఇక్కడ ఆ కొస దాదాపు జానెడు పక్కకు పోయింది. మామ రెండు మేకులు పీకి జానెడు జరిపి పాతించాడు. మళ్ళీ టేపు లాగాం. ఒక వైపు 7.5, రెండో వైపు 7.5. ఊరి పెద్ద అప్పుడు సంతకం పెట్టాడు.

గది వాలిపోయి కట్టి ఉంటే కూలిపోయేదేమీ కాదు. తలుపు చట్రం గోడలో సరిగ్గా కూర్చునేది కాదు. పక్కన ఇంకో గది కట్టాలంటే గోడకు గోడ కలిసేది కాదు. మన బడే కాబట్టి ఎలా ఉన్నా ఫరవాలేదని ఎవరో అనుకున్నట్టు ఆ వంకర అక్కడ ఉండిపోయేది. అందుకే ఆ రోజు గూడెంలో అందరూ టేపు చుట్టూ అంతసేపు నిలబడ్డారు.

రాత్రి మంచం మీద పడుకుని ఆ ముగ్గు గురించే ఆలోచిస్తున్నాను. ఎదురెదురు పక్కలు సమానం, సమాంతరం, అయినా పెట్టె వాలింది. కొట్టేసిన నా షీట్లు గుర్తొచ్చాయి. వాటిలో అడ్డగీతలన్నీ ఒకదానికొకటి సమాంతరంగానే ఉన్నాయి. నిలువు గీతలూ అంతే. మూల ఒక్కటే కుదరలేదు. అంటే నా చేతి తప్పు కాదేమో, ఆ మనిషి మూలమట్టంలాగా నా టీ స్క్వేర్ తలలో ఏదో తేడా ఉందేమో. లేచి కూర్చున్నాను. తెల్లవారాక అమ్మతో, సెలవులు అయిపోయాయని చెప్పి బస్సెక్కాను.

మంచం కింద నుంచి టీ స్క్వేర్ తీసి వర్క్‌షాపులో వడ్రంగం నేర్పే సార్ దగ్గరకు తీసుకుపోయాను. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని తలను కొంచెం కదిపారు. కదిలింది. రెండు మరలు వదులయ్యాయి. మరలు తీసి, పాత బంక గీకి, కొత్త బంక పెట్టి, పెద్ద మూలమట్టంతో కోణం చూసి బిగించారు. ఆ తర్వాత నాకు మూడు పరీక్షలు నేర్పారు. ఇవి నేను ఇప్పటికీ చేస్తాను.

మొదటిది బద్ద అంచుకు. షీటు మీద అంచు వెంట ఒక గీత గీయాలి. తర్వాత బద్దను బోర్లా తిప్పి, అదే అంచును అవే రెండు కొసల మీద పెట్టి మళ్ళీ గీయాలి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే అంచు తిన్నగా ఉన్నట్టు. మధ్యలో విల్లులా సందు వస్తే అంచు వంగినట్టు. రెండోది తలకు. ఒక చేత్తో తల, ఒక చేత్తో బద్ద పట్టుకుని మెల్లగా కదిపి చూడాలి. ఏ మాత్రం ఆడినా బిగించే వరకు వాడకూడదు. మూడోది బోర్డుకు. బద్ద అంచును బోర్డు పని అంచుకు ఆనించి వెలుతురులో చూడాలి. మధ్యలో వెలుతురు కనబడితే బోర్డు అంచు అరిగిందని తెలుస్తుంది.

ఆయన చెప్పిన ఇంకో మాట నాకు అన్నిటికంటే పనికొచ్చింది. తల సరిగ్గా 90 డిగ్రీలు లేకపోయినా, గట్టిగా బిగించి ఉండి, బోర్డు ఒకే అంచును ఆనుకుని పని చేస్తే బొమ్మ చెడదు. అడ్డగీతలన్నీ ఒకే వాలులో వస్తాయి కాబట్టి సమాంతరంగానే ఉంటాయి. నిలువు గీతల్ని మూలమట్టంతో ఆ బద్ద మీద నుంచే గీస్తాం కాబట్టి వాటికి 90 డిగ్రీలే ఉంటాయి. షీటును కూడా ఆ బద్దకే సరిచేసి అంటిస్తాం కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. నేను ఒకసారి ఎడమ అంచు, ఒకసారి కింది అంచు వాడటం వల్లే తల తేడా, బోర్డు తేడా రెండూ కలిసి నా పెట్టె మూలలో బయటపడ్డాయి. వదులు తల ఇంకా చెడ్డది. అది గీత గీతకూ కోణం మారుస్తుంది. నా టీ స్క్వేర్ తల జానెడు పొడవు, బద్ద 70 సెంటీమీటర్లు. తల దగ్గర ఒక మిల్లీమీటరు సందు వస్తే బద్ద కొసలో మూడు మిల్లీమీటర్లు తప్పుతుంది.

నాలుగో షీటు గీశాను. సార్ మూలలో సెట్ స్క్వేర్ పెట్టి చూశారు, ఏమీ అనకుండా సంతకం పెట్టారు. నాకు అది చాలు.

ఆ తర్వాత ప్లాను, ఎలివేషన్ వచ్చాయి. క్లాసులో చాలామందికి పై నుంచి చూసిన బొమ్మ అర్థం కాలేదు. నాకు ఒక్కసారికే అర్థమైంది, ఎందుకంటే జొన్న చేలో మంచె మీద కూర్చుని మా ఇంటిని ఎన్నోసార్లు చూశాను. మంచె మీద నుంచి చూస్తే గోడలు కనబడవు. నడికప్పు దూలం మీది గీత ఒకటి, దానికి రెండు పక్కలా వాలిన గడ్డికప్పు మాత్రం కనబడతాయి. గోడలు కప్పు కింద ఉన్నాయని మనకు తెలుసు కాబట్టి, కనబడని అంచుల్ని తుంపు గీతలతో చూపిస్తాం. కిందికి దిగి వాకిట్లో నిలబడి చూస్తే ఎలివేషన్. మన దేశంలో వాడే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో ఎదుటి బొమ్మ పైన, పై నుంచి చూసిన బొమ్మ దాని కింద గీస్తారు. పై బొమ్మలో గోడ ఎక్కడ మొదలైందో, అక్కడి నుంచి మూలమట్టంతో సన్నటి నిలువు గీత దించితే కింది బొమ్మలో అదే గోడ దొరుకుతుంది. టీ స్క్వేర్ సరిగ్గా ఆనితేనే ఆ గీత సరైన చోట దిగుతుంది.

డిప్లొమా పూర్తయ్యింది. ఉద్యోగంలో కొన్నేళ్ళకు బోర్డులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పుడు పిల్లలు ఆటోక్యాడ్‌లో గీస్తున్నారు. అందులో ఎఫ్8 మీట నొక్కితే ఆర్థో అని ఒకటి పని చేస్తుంది. అప్పుడు గీత అడ్డంగానో నిలువుగానో తప్ప వాలుగా పోదు. మా అన్న కూతురు అది చూపించినప్పుడు, "నా టీ స్క్వేర్‌ను ఇందులో దాచారు గదా" అన్నాను. ఆ పిల్లకు టీ స్క్వేర్ అంటే తెలియదు. మేకు మీద నుంచి దించి చూపించాను. ఆ పిల్ల పని నాకంటే వేగం. నేల మీద ముగ్గు పోసేటప్పుడు మాత్రం ఎఫ్8 మీట ఉండదు. అక్కడ ఇప్పటికీ మేకు, దారం, టేపు, మూలకు మూల.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో టీ స్క్వేర్ చేయించండి. ఖర్చు లేదు. పాతిక సెంటీమీటర్ల మందపు చెక్క తలకు, 60 సెంటీమీటర్ల తిన్నని పలచటి బద్ద, నాలుగు మరలు చాలు. తల లోపలి అంచూ బద్ద పై అంచూ కలిసే చోటి నుంచి తల వెంట 9 సెంటీమీటర్లు, బద్ద వెంట 12 సెంటీమీటర్లు గుర్తు పెట్టించండి. ఆ రెండు గుర్తుల మధ్య 15 సెంటీమీటర్లు వచ్చేదాకా జరిపి బిగించండి. పైథాగరస్ సిద్ధాంతం పిల్లల చేతికి అప్పుడు తగులుతుంది. తర్వాత మీ తరగతి గదినే మూలకు మూల కొలిపించండి. రెండు కొలతలూ కలవకపోతే ఎందుకని పిల్లల్నే అడగండి. జవాబు చెప్పగల తాపీ మేస్త్రీ మీ ఊళ్ళో ఎవరో ఒకరు ఉంటారు. ఆయన్ని ఒక పూట బడికి పిలవండి.

చదువుకుంటున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. మన చేతికి కాగితాలు చాలా వస్తాయి. ఇంటి ప్లాను, రోడ్డు ప్లాను, 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పట్టా వెనక పోడు భూమి పటం. ఆ చట్టంలో హక్కుల నిర్ధారణ మొదలుపెట్టే అధికారం గ్రామసభకు ఉంది. గ్రామసభలో పటం విప్పినప్పుడు దాన్ని చదవగల మనిషి ఒక్కరైనా మనవాళ్ళలో ఉండాలి. స్కేలు ఎంత, ఉత్తరం ఎటు, పక్కలెంత, మూలకు మూల ఎంత అని అడిగి, నేల మీద కొలిచి చూశాకే వేలిముద్రయినా సంతకమైనా పడాలి. ఆ రోజు మా గూడెంలో కాగితం చదవడం నాకు వచ్చు, నేలను చూడటం మామకు వచ్చు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ గది వంకరగానే కట్టేవాళ్ళు.

మామ ఇప్పుడు లేడు. ఆ గది ఉంది. మా మేనల్లుడు అందులోనే ఐదో తరగతి వరకు చదివాడు. కథంతా విన్నాక వాడు నా టేపు తీసుకుని, ఇంకో పిల్లాణ్ణి వెంటబెట్టుకుని బడికి పోయాడు. గంట తర్వాత వచ్చి, "రెండు వైపులా ఏడున్నరే మామా" అని చెప్పి, టేపు నా చేతిలో పెట్టాడు.